ధ్యానం, ప్రార్థన, మందులు: ఎవరి పని ఎంతవరకు?

మీరు అడిగినదాంట్లో రెండు ప్రశ్నలున్నాయి. ఆధ్యాత్మిక సాధనలూ సంస్కృతీ మానసిక వైద్యాన్ని నిజంగా మలిచాయా, లేక వాటిని వదిలించుకున్నాకే వైద్యం బాగుపడిందా అన్నది ఒకటి. మీ తమ్ముడు బైపోలార్‌కి (మనసు ఒకప్పుడు విపరీతమైన ఉత్సాహంలోకి, ఒకప్పుడు కుంగుబాటులోకి వెళ్లే జబ్బు) లిథియం అనే మందు వాడుతున్నాడు, ఈమధ్య ఉపవాసాలు మొదలుపెట్టాడు, పది రోజుల మౌన ధ్యాన శిబిరానికి వెళ్తానంటున్నాడు, ఆపాలా వద్దా అన్నది రెండోది. మీకు రెండోదే ముఖ్యమని తెలుసు. కానీ మొదటిదాని గురించి నాలుగు మాటలు చెప్పకపోతే, రెండోదానికి నేనిచ్చే జవాబు ఉత్త డాక్టరు చీటీలా ఉంటుంది. కాస్త ఓపిక పట్టండి.

క్లినికల్ సైకాలజిస్టుగా చాలా ఏళ్లు సైకియాట్రీ వార్డుల్లో పనిచేశాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మనసు జబ్బు ఉన్నవాళ్లకు మతం ఇచ్చినవి ముఖ్యంగా రెండు. ఉండటానికి చోటు, చుట్టూ మనుషులు, రోజంతా చేయడానికి ఏదో ఒక పని: ఇదంతా కలిపి ఒకటి. జబ్బు ఎందుకొచ్చిందో ఒక వివరణ, అంటే దయ్యమనో, పాపమనో, పూర్వజన్మ కర్మ అనో చెప్పడం రెండోది. మొదటిది చాలా చోట్ల మేలే చేసింది. రెండోది చాలాసార్లు రోగి మెడకు చుట్టుకుంది. మతం మంచిదా చెడ్డదా అని వాదించుకునేవాళ్లు ఈ రెంటినీ ఒకే మూటలో కట్టేస్తారు. విడదీసి చూస్తే చాలా విషయాలు తేటపడతాయి.

బెల్జియంలో గీల్ అనే ఊరుంది. డింఫ్నా అనే సెయింటు మతి చలించినవాళ్లను బాగుచేస్తుందన్న నమ్మకంతో మధ్యయుగాల నుంచీ అక్కడి చర్చికి రోగులను తీసుకొచ్చేవారు. తొమ్మిది రోజుల ప్రార్థనలు ఉండేవి. చర్చిని ఆనుకుని రోగులకు గదులు కట్టారు. వచ్చేవాళ్లు పెరిగి గదులు చాలకపోయేసరికి ఊళ్లోవాళ్లు తమ ఇళ్లలో పెట్టుకోవడం మొదలైంది. ప్రార్థనలు అయిపోయినా తగ్గనివాళ్లు ఆ ఇళ్లలోనే ఉండిపోయారు. పొలం పనికి వెళ్లారు, పిల్లల్ని ఆడించారు, అదే బల్ల దగ్గర కూర్చుని తిన్నారు. 1930ల చివరికి అలా ఇళ్లలో ఉన్నవాళ్లు మూడున్నర వేలు దాటారు. సంఖ్య బాగా తగ్గినా ఆ పద్ధతి ఇప్పటికీ ఉంది, ఆస్పత్రి పర్యవేక్షణలో నడుస్తోంది. 2023లో యునెస్కో దాన్ని మంచి పరిరక్షణ పద్ధతుల జాబితాలో చేర్చింది. డింఫ్నా ఎవరినైనా బాగుచేసిందా అంటే నేను చెప్పలేను. ఒక మనిషిని ముప్పై ఏళ్లు ఇంట్లో మనిషిలా చూసుకునే ఊరు మాత్రం ఆమె పేరు మీదే తయారైంది.

కైరోలో సుల్తాన్ కలావూన్ 1284లో కట్టించిన ఆస్పత్రిలో మానసిక రోగులకు వేరే విభాగం ఉండేది. వక్ఫ్ ఆస్తుల ఆదాయంతో నడిచేది, బీదవాళ్ల దగ్గర డబ్బు తీసుకునేవారు కాదు. 1488లో ఇప్పటి టర్కీలోని ఎదిర్నేలో కట్టిన ఒట్టోమన్ ఆస్పత్రిలో సంగీతం, నీళ్ల చప్పుడు కూడా చికిత్సలో భాగమే. ఇంగ్లండులోని యార్క్‌లో 1790లో క్వేకర్ అనే క్రైస్తవ శాఖకు చెందిన హన్నా మిల్స్ అనే మహిళ పిచ్చాసుపత్రిలో చనిపోయింది. అక్కడి పరిస్థితులు తెలిశాక విలియం ట్యూక్, తోటి క్వేకర్లు కలిసి 1796లో ‘రిట్రీట్’ తెరిచారు. గొలుసులు లేవు, కొట్టడం లేదు. తోట పని, టీ, మర్యాదగా మాట్లాడటం. ప్రతి మనిషిలోనూ దైవకాంతి ఉంటుందన్నది క్వేకర్ల నమ్మకం, మతి చలించినంత మాత్రాన అది ఆరిపోదని వాళ్లు అనుకున్నారు. సైకియాట్రీ పాఠాల్లో ‘మోరల్ ట్రీట్‌మెంట్’ అని చెప్పేది ఇలాంటి చోట్ల మొదలైందే. అప్పటి వైద్యుల దగ్గర ఉన్నవేమిటి? రక్తం తీయడం, వాంతులు చేయించడం. కాబట్టి వైద్యం మతాన్ని వదిలించుకుని బాగుపడిందన్న మాట పూర్తిగా నిజం కాదు.

ఇక రెండో ముఖం. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో ఒక షెడ్డు తగలబడి 28 మంది మానసిక రోగులు చనిపోయారు. అది దర్గా నడిపిన షెడ్డు కాదు. దర్గాలో నయమవుతుందని వచ్చేవాళ్ల కోసం చుట్టుపక్కల వెలసిన ప్రైవేటు వసతుల్లో ఒకటి. లోపల ఉన్నవాళ్లను గొలుసులతో కట్టేసి ఉంచారు, మంటలంటుకుంటే లేచి పరిగెత్తే వీల్లేదు. ఆ ఘటన తర్వాత సుప్రీంకోర్టు జోక్యం చేసుకుంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలో ఏ రూపంలోనైనా సరే గొలుసులతో కట్టడం నిషేధమని స్పష్టంగా రాశారు. ఇది ఒక్క దేశానికో, ఒక్క మతానికో పరిమితమైన సంగతి కాదు. సుమారు 60 దేశాల్లో మానసిక రోగులను ఇంకా కట్టేసి ఉంచుతున్నారని హ్యూమన్ రైట్స్ వాచ్ 2020లో రాసింది. ఇండోనేషియా 1977లోనే నిషేధించినా అక్కడ ఇంకా పూర్తిగా పోలేదు.

కట్టేయడం వెనక ఉన్నది క్రూరత్వం ఒక్కటే అనుకోకండి. చాలా ఇళ్లలో అది భయం, చేతగానితనం. ఆస్పత్రి దూరం, మందులకు డబ్బుల్లేవు, మనిషి రాత్రిపూట రోడ్డెక్కుతున్నాడు. అలాంటప్పుడు “లోపల ఉన్నది మీ అబ్బాయి కాదు, ఇంకొకటి” అనే వివరణ దొరికితే కొట్టడానికి, కట్టడానికి, పస్తు పెట్టడానికి చేతులాడతాయి. ఎందుకంటే దెబ్బ తగిలేది అబ్బాయికి కాదు కదా, ఆ ‘ఇంకొకదానికి’. నాకు దయ్యం అనే నమ్మకం మీద కంటే ఈ తర్కం మీదే కోపం ఎక్కువ.

సంస్కృతి ప్రభావం చికిత్స దగ్గర ఆగదు, జబ్బు లక్షణం లోపలికీ వెళ్తుంది. స్టాన్‌ఫర్డ్ ఆంత్రొపాలజిస్టు తాన్యా లుర్మాన్ బృందం అమెరికాలోని శాన్ మేటియో, ఘనాలోని అక్రా, మన చెన్నై, ఈ మూడు చోట్ల గొంతులు వినిపించే రోగులతో మాట్లాడింది. ఒక్కోచోట 20 మంది. 2015లో వచ్చిన ఆ ఫలితాలు నేను విద్యార్థులకు ఎప్పుడూ చెబుతుంటాను. అమెరికావాళ్లకు ఆ గొంతులు ఎక్కువగా హింస గురించి మాట్లాడతాయి, ఎవరో తమ బుర్రలోకి చొరబడినట్టు అనిపిస్తుంది. అక్రాలో చాలామందికి వినిపించింది దేవుడి గొంతు, అది తమకు మేలే చెబుతోందన్నారు. చెన్నైలో సగానికి పైగా మందికి చుట్టాల గొంతులు వినిపించాయి: ఆ పని చెయ్యి, ఈ పని చెయ్యి అని పురమాయిస్తాయి, తిడతాయి, బుద్ధి చెబుతాయి. జబ్బు ఒకటే, కానీ లోపల మాట్లాడేది ఎవరన్నది పెరిగిన వాతావరణాన్ని బట్టి ఉంటోంది. చిన్న అధ్యయనమే, దాని మీద పెద్ద మేడలు కట్టకూడదు. అయినా రోజూ ఓపీలో కూర్చునేవాళ్లకు ఇది కొత్త వార్తేమీ కాదు.

మరి మతం ఇచ్చిన మొదటిదాన్ని, అంటే చోటు, మనుషులు, పని, ఉంచుకుని రెండోదాని, అంటే దయ్యం, పాపం అనే వివరణ, విషం తీసేయొచ్చా? తీయొచ్చని చూపించినవాళ్లున్నారు. నైజీరియాలో థామస్ అడియోయే లాంబో 1954లో ఆరో అనే చోట ఒక పద్ధతి పెట్టాడు. రోగులు ఇంటి మనిషిని వెంటబెట్టుకుని చుట్టుపక్కల పల్లెల్లో ఉంటారు, పగలు ఆస్పత్రికొచ్చి చికిత్స తీసుకుంటారు. సంప్రదాయ వైద్యులను ఆయన వెళ్లగొట్టలేదు, తనతో పని చేయించుకున్నాడు. దాదాపు అదే కాలంలో అమృత్‌సర్ మెంటల్ హాస్పిటల్లో డాక్టర్ విద్యాసాగర్ ఆవరణలో టెంట్లు వేయించి కుటుంబాలను రోగుల దగ్గరే ఉండనిచ్చాడు. ఆ రోజుల్లో ప్రపంచంలో చాలా చోట్ల రోగిని ఇంటికి దూరంగా ఉంచడమే వైద్యం అనుకునేవారు. ఇప్పుడు ఇలాంటిదానికి గట్టి రుజువు కూడా ఉంది. ఘనా, నైజీరియాల్లో ప్రార్థనా శిబిరాలు నడిపేవాళ్లు, సంప్రదాయ వైద్యులు, ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల సిబ్బంది కలిసి పనిచేస్తే సైకోసిస్ (లేనివి వినిపించడం, కనిపించడం, జరగనిది నిజమని గట్టిగా నమ్మడం) ఉన్నవాళ్లకు ఏమవుతుందో 307 మందితో ట్రయల్ చేశారు. నర్సు శిబిరానికే వెళ్లి మందులిస్తుంది, ప్రార్థన చేసేవాళ్లు ప్రార్థన చేసుకుంటారు, కొట్టడం లాంటివి మానాలన్నది ఒప్పందం. 2020లో ఫలితాలు వచ్చాయి: ఆరు నెలలకు కలిసి చూసిన గుంపులో లక్షణాలు అలా కలిసి చూడని గుంపు కంటే బాగా తగ్గాయి.

వైద్యుల పత్రిక బీఎంజేలో 2002లో వచ్చిన ఇంకో అధ్యయనం ఉంది, ఇది తమిళనాడులోని ఒక చిన్న గుడి గురించి. అక్కడ ఉండటానికి వచ్చిన 31 మందిని పరీక్షించారు, ఎక్కువమందికి స్కిజోఫ్రెనియా, అంటే సైకోసిస్ ఎక్కువకాలం ఉండే జబ్బు. సగటున ఆరు వారాలు ఉన్నారు. వెళ్లేటప్పటికి లక్షణాల స్కోరు 20 శాతం దాకా తగ్గింది. ప్రత్యేకంగా దయ్యం వదిలించే తంతులేమీ లేవు, పొద్దున పూజ, గుడి ఆవరణ ఊడవడం, మొక్కలకు నీళ్లు పోయడం లాంటి పనులు. దీన్ని పట్టుకుని “చూశారా, మందులక్కర్లేదు” అనేవాళ్లు తగులుతుంటారు. పోల్చి చూడటానికి రెండో గుంపు లేదు, మందులు మానేస్తే తర్వాత ఏడాదికి ఎలా ఉన్నారో అందులో లేదు. నాకు కనిపించేది మాత్రం గీల్, యార్క్, ఈ గుడి మూడూ ఒకే పని చేశాయని: మనిషిని మనుషుల మధ్య ఉంచి, చేతికి ఒక పని ఇచ్చాయి.

ఇప్పుడు ధ్యానం దగ్గరికి. 1979లో అమెరికాలో జాన్ కబట్-జిన్ మసాచుసెట్స్ యూనివర్సిటీ మెడికల్ స్కూల్లో ఎనిమిది వారాల కార్యక్రమం మొదలుపెట్టాడు. మొదట్లో వచ్చింది ఎక్కువగా తగ్గని నొప్పులున్నవాళ్లు. బౌద్ధ ధ్యానంలోంచి మతం తీసేసి మెళకువను మాత్రం ఉంచాడు. దాని ఆధారంగా వచ్చిన మైండ్‌ఫుల్‌నెస్ థెరపీని, మూడు అంతకంటే ఎక్కువసార్లు డిప్రెషన్ వచ్చినవాళ్లకు మళ్లీ రాకుండా వాడొచ్చని బ్రిటన్‌లోని చికిత్సలపై మార్గదర్శకాలిచ్చే నైస్ సంస్థ 2004లో సిఫారసు చేసింది. జపాన్‌లో షోమా మొరిటా ఇంతకంటే చాలా ముందే, 1919 ప్రాంతంలో, విపరీతమైన ఆందోళనకు ఒక చికిత్స తయారు చేశాడు. మొదట కొన్ని రోజులు ఒంటరిగా మంచం మీద విశ్రాంతి, తర్వాత తేలికపాటి పని, తర్వాత కష్టమైన పని, చివరికి మామూలు జీవితంలోకి. భయాన్ని పోగొట్టుకోవాలని పెనుగులాడొద్దు, అది ఉండగానే చేయాల్సిన పని చెయ్యి అన్నది సారం. జెన్ అనే బౌద్ధ ధ్యాన సంప్రదాయం ఛాయలు కనిపిస్తాయి. ఆత్మహత్య ఆలోచనలు పదేపదే వచ్చేవాళ్ల కోసం డీబీటీ అనే చికిత్సను రూపొందించిన మార్షా లైనహాన్ కూడా జెన్ సాధన చేసినావిడే.

ఇవన్నీ పనికొచ్చేవే, నేనూ వాడతాను. నాకున్న ఫిర్యాదు ఒకటే. ఆస్పత్రికి, అక్కణ్ణుంచి ఫోన్ యాప్‌కి వచ్చేసరికి ధ్యానం ఒక్కణ్ణే గదిలో కూర్చోబెట్టే వ్యాయామం అయిపోయింది. పాతకాలపు మఠాల్లో గురువు ఉండేవాడు, తోటివాళ్లుండేవాళ్లు, ఎవరు తిన్నారో ఎవరు పడుకోలేదో గమనించేవాళ్లుండేవాళ్లు. తీసుకోవాల్సింది తీసుకుని ఆ మనుషుల్ని వదిలేశాం.

దాని ఫలితం ఎలా ఉంటుందో ఒక్క కేసు చెబుతాను, గుర్తుపట్టే వివరాలు మార్చాను. ఇరవై ఏళ్ల కుర్రాడు, పది రోజుల మౌన శిబిరానికి వెళ్లాడు. ఫోన్ లేదు, మాటల్లేవు, పొద్దున నాలుగింటికి లేవడం, రోజుకు పది గంటల దాకా కూర్చోవడం. ఆరో రోజుకి నిద్ర రెండు మూడు గంటలకు పడిపోయింది, కానీ అలసట లేదు. ఒంట్లో కరెంటు పారుతున్నట్టుందన్నాడు. సాధన బాగా సాగుతోందని అక్కడివాళ్లు సంతోషించారు. ఎనిమిదో రోజు రాత్రి మిగతావాళ్లను లేపి, తనకు అంతా అర్థమైందని చెప్పడం మొదలుపెట్టాడు. మా దగ్గరికి వచ్చేటప్పటికి పూర్తి మేనియా, అంటే అదుపు తప్పిన ఉత్సాహం. వాళ్ల మేనమామకు ఇదే జబ్బు, ఆ సంగతి శిబిరం ఫారంలో రాయలేదు. తప్పు ధ్యానానిది అనను. నిద్ర తగ్గడం బైపోలార్ ఉన్న మనిషిలో మేనియాకు గేటు తీసేస్తుంది, అది ధ్యానం వల్ల తగ్గినా సరే, పరీక్షల కోసం తగ్గినా సరే. ఇలాంటి అనుభవాలను బ్రౌన్ యూనివర్సిటీలో విలబీ బ్రిటన్, జారెడ్ లిండాల్ ఓపికగా సేకరించి 2017లో ప్రచురించారు. అందులో ధ్యానం బోధించే గురువులు చెప్పుకున్నవీ ఉన్నాయి.

ఇంకో విషయం దాదాపు ఎవరూ రాయరు కాబట్టి రాస్తాను. మతంలోనే కొన్నిసార్లు మందు కూడా ఉంటుంది. ఓసీడీలో, అంటే ఒకే అనుమానం, ఒకే పని పదేపదే వెంటాడే జబ్బులో, ఒక రకం ఉంది: మంత్రం తప్పు పలికానేమో, కడుక్కున్నది చాలలేదేమో, పాపం పూర్తిగా ఒప్పుకోలేదేమో అని మళ్లీ మళ్లీ మొదటి నుంచి మొదలుపెడతారు. జెసూయిట్ అనే క్యాథలిక్ సన్యాసుల సంఘాన్ని స్థాపించిన ఇగ్నేషియస్ లొయోలా 1522లో మన్రేసా అనే ఊళ్లో దీంతోనే నలిగిపోయాడు. ఎన్నిసార్లు పాపాలు ఒప్పుకున్నా ఇంకేదో మిగిలిపోయిందన్న అనుమానం, ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన దాకా వెళ్లాడు. చివరికి పాత పాపాలను ఇక ఒప్పుకోకూడదని తనే నిర్ణయించుకుని బయటపడ్డాడు. ఈరోజు మేం ఓసీడీకి చేయించేది అచ్చం అదే: అనుమానం వచ్చినా మళ్లీ చేయకుండా ఆగడం. ఇస్లామిక్ న్యాయశాస్త్రంలో కూడా నిశ్చయంగా ఉన్నది అనుమానంతో పోదని సూత్రం ఉంది. అనుమానాల జబ్బున్నవాళ్లు వాటిని పట్టించుకోవద్దని పండితులు చెబుతారు. “ఒక్కసారి చాలు” అని నేను వందసార్లు చెబితే వినని మనిషి, వాళ్ల మతపెద్ద ఒక్కసారి చెబితే విన్న సందర్భాలు నా దగ్గర చాలానే ఉన్నాయి. అందుకే రోగి ఒప్పుకుంటే వాళ్లతో నేరుగా ఫోన్లో మాట్లాడతాను. చాలామంది అర్థం చేసుకుంటారు. కొందరు “ఇంకో పూజ చేయిద్దాం” అంటారు, అప్పుడు వేరే పెద్దను వెతుక్కుంటాం.

వైద్యం కూడా ఈ వైపు కాస్త కదిలింది. 1994లో వచ్చిన డీఎస్ఎమ్-4 అనే అమెరికా మానసిక జబ్బుల జాబితాలో ‘మతపరమైన లేదా ఆధ్యాత్మిక సమస్య’ అనేదాన్ని జబ్బు కానిదిగా, కానీ పట్టించుకోవాల్సిందిగా చేర్చారు. తగ్గని దుఃఖాన్ని జబ్బు అనాలంటే ఆరు నెలలు దాటడమే కాదు, ఆ మనిషి సమాజంలో, మతంలో మామూలు అనుకునే హద్దు కూడా దాటి ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితా ఐసీడీ-11 అంటుంది. అంటే పరీక్షించే డాక్టరుకు ఆ హద్దు ఎక్కడుందో తెలిసి ఉండాలి. భర్త పోయిన మూడో వారంలో ఆయన గొంతు వినిపించిందని చెప్పిన మనిషికి సైకోసిస్ మందులు రాసేస్తే అది తెలియకపోవడమే.

ఇక మీ తమ్ముడు.

ముందు ఉపవాసం సంగతి, ఎందుకంటే అది శిబిరం కంటే తొందర. లిథియం కిడ్నీల ద్వారా బయటికి పోతుంది. ఒంట్లో నీళ్లు తగ్గినా, ఉప్పు బాగా తగ్గినా కిడ్నీలు దాన్ని పట్టుకుని ఉంచేస్తాయి, రక్తంలో మోతాదు పెరిగిపోతుంది. చేతులు బాగా వణకడం, వాంతులు, విరేచనాలు, తూలడం, మాట ముద్దగా రావడం కనిపిస్తే ఆ రోజే ఆస్పత్రికి తీసుకెళ్లాలి, మరుసటి టాబ్లెట్ వేసేముందు డాక్టరుతో మాట్లాడాలి. మంచినీళ్లు కూడా ముట్టని ఉపవాసం లిథియం మీద ఉన్నవాళ్లకు డాక్టరుతో చెప్పకుండా వద్దే వద్దు. నీళ్లు, ఉప్పు మామూలుగా తీసుకుంటూ ఒక పూట భోజనం మానడం లాంటిదాన్ని డాక్టరు ఒప్పుకోవచ్చు, రక్తంలో లిథియం పరీక్ష చేయించి చూస్తారు. ఉపవాసం రోజున టాబ్లెట్ కూడా మానేయడం చాలామంది చేసే పని, అది ఉందేమో మెల్లగా అడిగి తెలుసుకోండి. రాత్రంతా జాగరణ మాత్రం నేను ఎవరికీ ఒప్పుకోను. బైపోలార్ ఉన్నవాళ్లకు ఒక్క రాత్రి నిద్ర లేకపోవడం కూడా చిన్న విషయం కాదు.

పది రోజుల మౌన శిబిరం ప్రస్తుతానికి వద్దు. దేవుడికో ధ్యానానికో వ్యతిరేకంగా చెబుతున్నట్టు కాకుండా, నాలుగింటికి లేవడం, నిద్ర తగ్గడం, మీ ఎవరితోనూ మాట్లాడే వీల్లేకపోవడం ఇవే కారణాలని అతనికి చెప్పండి. ధ్యానమే కావాలంటే ఇంటి దగ్గర, రోజుకు పది పదిహేను నిమిషాలు, కళ్లు తెరిచైనా సరే, వీలైతే పదిమంది కలిసి కూర్చునే చోట. భజన, సామూహిక ప్రార్థన, సేవ చేసే చోట పని, ఇలాంటివైతే ఇంకా మేలు. నిద్ర గంట గంటన్నర తగ్గి రెండు మూడు రోజులు అలాగే ఉంటే, మాట వేగం పెరిగితే, సాధన ఆపి డాక్టరుకు ఫోన్ చేయాలని ముందే మాట తీసుకోండి, బాగున్నప్పుడే.

జబ్బు కర్మ వల్ల వచ్చిందని అతను నమ్ముతుంటే దాని మీద వాదన పెట్టుకోకండి. కర్మ వల్ల వచ్చిందనుకునే మనిషి టాబ్లెట్ వేసుకోగలడు, అలాంటివాళ్లు నా దగ్గర బోలెడుమంది ఉన్నారు. “నీ తప్పు వల్లే వచ్చింది” అనే మాట మాత్రం ఎవరన్నా, గురువన్నా చుట్టమన్నా, అక్కడికక్కడే ఆపండి. అతను ఎవరి దగ్గరికి వెళ్తున్నాడో మీరూ ఒకసారి వెళ్లి చూడండి. మిమ్మల్ని లోపలికి రానిస్తారా, ఎప్పుడు కావాలంటే అప్పుడు బయటికి రానిస్తారా, మందుల గురించి ఏమంటారు, డబ్బు ఎంత, ఎందుకు, ఇవి అడగండి. ఎప్పుడైనా శిబిరానికి వెళ్లే పరిస్థితి వచ్చినా దరఖాస్తులో జబ్బు సంగతి దాచనివ్వకండి, చాలా శిబిరాల్లో ఆ గడి ఉంటుంది. “టాబ్లెట్లు ఆపేసి రండి” అని నిర్వాహకులంటే ఆ గుమ్మం ఎక్కనివ్వొద్దు.